సవరణ: వేసవిలో కుక్కకు బొచ్చు తీయించడం గురించి

గత టపాలో “ఎండలు ముదరకముందే కుక్కకు బొచ్చు పొట్టిగా తీయించండి” అని రాసిన వాక్యం షిట్జూ, పూడిల్ వంటి, జుట్టు ఆగకుండా పెరిగే జాతులకు మాత్రమే వర్తిస్తుంది. పామరేనియన్, లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్ జాతులకు పైన గరుకు వెంట్రుకలు, కింద దూదిలాంటి మెత్తని బొచ్చు అని రెండు పొరలుంటాయి. పైపొర ఎండను నేరుగా చర్మానికి తగలనివ్వదు కాబట్టి, దాన్ని చర్మం కనిపించేలా గొరిగిస్తే చల్లదనం మాట అటుంచి చర్మం కమిలిపోయే ప్రమాదం ఉంది. పామరేనియన్లలో అయితే గొరిగిన చోట బొచ్చు తిరిగి రావడానికి ఏడాదికి పైగా పట్టవచ్చు, ఒక్కోసారి పూర్తిగా రాకపోవచ్చు కూడా. ఈ జాతులకు, ఊడిన లోపలి బొచ్చును దువ్వి తీసేయడమే నా దృష్టిలో సరైన పద్ధతి.

ఇప్పటికే గొరిగించినవారు కంగారు పడవలసిన పని లేదు. బొచ్చు పెరిగేవరకు ఎండ లేని వేళల్లోనే బయటికి తీసుకెళ్లండి. మనం వాడే సన్‌స్క్రీన్ మాత్రం పూయవద్దు. కుక్క దాన్ని నాకుతుంది, చాలా రకాల్లో ఉండే జింక్ ఆక్సైడ్ కడుపులోకి వెళితే హాని చేస్తుంది.

చంకలు, తొడల లోపలి భాగం, తోక కింద చర్మం గొరిగే మిషన్ బ్లేడు వేడికి ఎర్రబారిందేమో, బొచ్చు తీయించి ఇంటికి రాగానే చూడాలి. ఎర్రబారితే చల్లని తడిగుడ్డ అద్ది, నాకకుండా మెడకు కోన్ (తల చుట్టూ ఉండే గరాటు లాంటి కాలర్) తొడగాలి. పాపం, అసలే మండుతున్న చోట డెటాల్ రాయకూడదు. మర్నాటికీ ఎరుపు తగ్గకపోయినా, రసి కారుతున్నా పశువైద్యుడికి చూపించాలి.