తెర మీది తుపాకిని చూసి జేబును మరిచిన హితబోధ

వేసవి సెలవులు మొదలయ్యే వేళకు వాట్సాప్ గ్రూపుల్లో ఒక హితబోధ తిరగడం మొదలవుతుంది. మాటలు కొద్దిగా మారుతుంటాయి కానీ సారం మారదు. తుపాకి ఆటలు ఆడే పిల్లలు రేపు నిజంగానే హింసకు దిగుతారని, ఆరేసి గంటలు కదలకుండా ఆటలో మునిగిపోతున్నారని, ఈ తరం ఏకాగ్రత ఎనిమిది సెకన్లకు, అంటే గాజుతొట్టెలోని గోల్డ్ ఫిష్ కన్నా తక్కువకు పడిపోయిందని, ప్రపంచ ఆరోగ్య సంస్థ వీడియో గేములు ఆడటాన్ని మానసిక వ్యాధిగా ప్రకటించిందని, చైనా వాటిని నిషేధించిందని, మన ప్రభుత్వం పబ్జీని ఆపింది కూడా పిల్లల కోసమేనని, చివరికి ఐప్యాడ్ తయారుచేసిన స్టీవ్ జాబ్స్ సైతం దాన్ని తన పిల్లల చేతికి ఇవ్వలేదని అందులో ఉంటుంది. ముగింపులో తల్లిదండ్రులకు ఒక సలహా: రక్తం, తుపాకులు ఉన్న ఆటలను ఫోన్‌లోంచి తీసేయండి, బుర్రకు పదునుపెట్టే ఆటలైతే ఫర్వాలేదు. పంపేవాళ్ల ఉద్దేశాన్ని శంకించనక్కర్లేదు. అయితే ఇందులోని మాటల్లో కొన్ని అబద్ధం, కొన్ని సగం నిజం. అన్నిటికన్నా చివరి సలహా పిల్లలను అసలు ప్రమాదం ఉన్న వైపుకే పంపుతుంది.

హింస సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే తక్కిన మాటలకు బలం అక్కడి నుంచే వస్తోంది. తుపాకి ఆటల వల్లనే హింస పుడుతుందంటే, అవి పెరిగిన చోట హింసా పెరగాలి. డూమ్ అనే తుపాకి ఆట అమెరికాలో 1993 డిసెంబరులో వచ్చింది; ఆ తర్వాతి పాతికేళ్లలో అలాంటి ఆటలు అక్కడ ఇంటింటికీ చేరాయి, అదే కాలంలో అక్కడి పోలీసు లెక్కల ప్రకారం హింసాత్మక నేరాల రేటు దాదాపు సగానికి తగ్గింది. ఆటలే నేరాలను తగ్గించాయని దీని నుంచి తేల్చేయడం కూడా తొందరపాటే అవుతుంది, కానీ ఆటలు నేరాలను పెంచాయన్న వాదనకు ఈ లెక్కలో చోటు లేదు. జపాన్, దక్షిణ కొరియా దేశాల్లో వీడియో గేములు మనకన్నా ఎంతో ముందు నుంచి, ఎంతో విస్తారంగా ఆడుతున్నారు. అక్కడ లక్ష మంది జనాభాకు ఏడాదికి జరిగే హత్యలు ఒకటికి లోపే ఉంటే, ఇంచుమించు అవే ఆటలు ఆడే అమెరికాలో ఆ సంఖ్య అయిదుకు అటూ ఇటూగా ఉంటోంది. ఈ తేడాకు కారణం వెతికేవాళ్లు తెర మీది తుపాకి కన్నా ముందు బీరువాలోని తుపాకిని లెక్కపెట్టడం మంచిది.

ఆటలకూ కోపానికీ సంబంధం ఉందని చెప్పిన పరిశోధనలు లేకపోలేదు, వాటిని దాచిపెట్టి వాదించడం సరికాదు. అయితే ప్రయోగశాలలో కోపాన్ని ఎలా కొలిచారో కూడా చెప్పాలి. కొన్ని ప్రయోగాల్లో, ఆట ఆడి వచ్చిన వ్యక్తి తన ఎదుటివాడి చెవిలో ఎంత పెద్ద శబ్దం ఎంతసేపు మోగిస్తాడో చూశారు. మరికొన్నింటిలో, కారం అంటే ఇష్టం లేదని చెప్పిన ఒక అపరిచితుడికి ఎంత కారపు సాస్ వడ్డిస్తాడో తూచి, ఆ గ్రాములను దూకుడుగా లెక్కగట్టారు. (ఈ కొలమానాన్ని గుంటూరుకు తెస్తే భోజనహోటళ్లన్నీ మూతపడాల్సిందే.) సాస్ కాస్త ఎక్కువ వడ్డించడానికీ మనిషిని పొడవడానికీ మధ్య ఉన్న దూరాన్ని వాట్సాప్ సందేశం ఒక్క వాక్యంలో దాటేస్తుంది. అమెరికా మనోవైజ్ఞానిక సంఘం ఈ దూరాన్నే 2020లో స్పష్టంగా గుర్తుచేసింది: హింసాత్మక ఆటలకూ అరవడం, తోయడం వంటి చిన్నపాటి దూకుడుకూ స్వల్ప సంబంధం కనిపిస్తోంది గానీ, వాటిని నిజమైన హింసతో ముడిపెట్టడానికి తగిన శాస్త్రీయ ఆధారం లేదని తన తీర్మానాన్ని సవరించి చెప్పింది. అంతకు ఏడాది ముందు, 2019లో, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి వెలువడిన అధ్యయనం ఆ స్వల్ప సంబంధాన్ని కూడా చూడలేకపోయింది. 14, 15 ఏళ్ల బ్రిటిష్ పిల్లలు సుమారు వెయ్యిమందిని తీసుకుని, వాళ్లు ఆడే ఆటల్లో హింస ఎంతుందో పిల్లల్ని అడిగి కాక అధికారిక రేటింగులను బట్టి నిర్ణయించి, ప్రవర్తన ఎలా ఉందో తల్లిదండ్రులను అడిగి, లెక్కలు ఎలా వేయబోతున్నదీ ముందుగానే నమోదు చేసి మరీ చేసిన పని అది. ఫలితం చూశాక లెక్కను తమకు అనుకూలంగా మలుచుకునే వీలు లేకుండా కట్టుదిట్టం చేసుకున్నారన్నమాట.

ఫోన్ లాక్కున్నారని పిల్లలు ఇంట్లో ఘోరానికి పాల్పడిన వార్తలను ఇక్కడ అడ్డం వేస్తారు. ఆ వార్తలు బాధాకరమైనవే. కానీ వాటిలో గొడవ వచ్చింది ఫోన్ దగ్గర, ఆటలోని బుల్లెట్ల దగ్గర కాదు. ఒక వస్తువు మీద పట్టు కోల్పోయిన పిల్లవాడు, అప్పటికే బెడిసిన ఇంటి సంబంధాలు, అందుబాటులో ఉన్న ఆయుధం అనేవి పరిశీలించాల్సిన విషయాలు. ఆ ఫోన్‌లో ఉన్నది తుపాకి ఆట కాక క్యాండీలు పేర్చే ఆటైనా ఈ గొడవ జరిగే అవకాశం ఉంది. ఈ విషయంలో మనం ఒకసారి గట్టిగానే బోల్తా పడ్డాం కూడా. 2017లో బ్లూ వేల్ అనే ఆట పిల్లల ప్రాణాలు తీస్తోందని దేశమంతా గగ్గోలు పుట్టింది. వార్తా చానెళ్లు చర్చలు పెట్టాయి, బడులు హెచ్చరికలు పంపాయి, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ మరణాలపై విచారణకు వేసిన కమిటీ ఏ ఒక్క ఘటనలోనూ ఆ ఆట పాత్రను నిర్ధారించలేకపోయిందని ప్రభుత్వం 2018 జనవరిలో లోక్‌సభకు తెలిపింది. గగ్గోలును మోసినంత దూరం ఈ సమాధానాన్ని ఎవరూ మోయలేదు.

గోల్డ్ ఫిష్ మాట చూడటానికి చిన్నదే గానీ, సందేశంలో శాస్త్రం ఉందన్న భ్రమ కలిగించేది అదే. ఆ ఎనిమిది సెకన్ల లెక్క మైక్రోసాఫ్ట్ కెనడా విభాగం 2015లో ప్రకటనదారుల కోసం తెచ్చిన నివేదిక ద్వారా లోకమంతా పాకింది. ఆ నివేదిక కూడా దాన్ని సొంతంగా కొలవలేదు, గణాంకాలు పోగుచేసే ఒక వెబ్‌సైటు నుంచి ఎత్తి రాసుకుంది. 2017లో బీబీసీ ఆ అంకె మూలాన్ని వెతుక్కుంటూ వెళితే దాని వెనుక ఏ పరిశోధనా దొరకలేదు. పాపం గోల్డ్ ఫిష్‌కు ఈ వ్యవహారంలో జరిగిన అన్యాయం వేరే. శిక్షణ ఇస్తే అది నేర్చుకున్నదాన్ని నెలల తరబడి గుర్తుపెట్టుకుంటుందని శాస్త్రవేత్తలకు ఎప్పటినుంచో తెలుసు. పైగా ఒకే సందేశంలో, పిల్లలు ఆరేసి గంటలు కదలకుండా ఆటలో మునిగిపోతున్నారనీ, వాళ్లకు ఎనిమిది సెకన్లకు మించి ఏకాగ్రత లేదనీ ఎలా రాయగలరో అర్థం కాదు. ముప్పై నిమిషాల పాటు సాగే పబ్జీ మ్యాచ్‌లో గడ్డిలో బోర్లా పడుకుని, అడుగుల చప్పుడు ఎటునుంచి వస్తోందో చెవులు రిక్కించి వినే కుర్రాడికి ఏకాగ్రత లేదనడం కుదరదు. అది గణితం పుస్తకం మీద ఎందుకు నిలవడం లేదన్నది మంచి ప్రశ్న, కానీ వేరే ప్రశ్న. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గ్లోరియా మార్క్ అనే పరిశోధకురాలు నిజంగానే గడియారం పెట్టి కొలిచారు: కంప్యూటర్ ముందు పనిచేసేవారు ఒక తెర మీద దృష్టి నిలిపే సమయం 2004లో సగటున రెండున్నర నిమిషాలు ఉంటే, ఇటీవలి సంవత్సరాల్లో 47 సెకన్లకు తగ్గింది. ఆమె చూసింది ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్లను. ఏకాగ్రత మీద హితబోధ ఫార్వర్డ్ చేసే వయసు వాళ్లను అన్నమాట.

ప్రపంచ ఆరోగ్య సంస్థ గురించి చెప్పింది సగం నిజం. గేమింగ్ డిజార్డర్ అనే రుగ్మతను ఐసీడీ-11 అనే వ్యాధుల వర్గీకరణలో చేర్చడానికి 2019 మేలో ఆమోదం లభించింది, 2022 జనవరి నుంచి ఆ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. అయితే ఆ రుగ్మత ఉందని చెప్పడానికి ఆట మీద అదుపు తప్పాలి, తిండి, చదువు, పని, స్నేహాలు అన్నిటినీ ఆట వెనక్కి నెట్టాలి, నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా ఆపలేకపోవాలి, జీవితం గట్టిగా దెబ్బతినాలి, ఇదంతా మామూలుగా కనీసం 12 నెలల పాటు సాగి ఉండాలి. సెలవుల్లో రెండు గంటలు ఎక్కువ ఆడిన పిల్లవాడికి ఈ పేరు తగిలించడం వల్ల, నిజంగా ఆ స్థితిలో ఉండి వైద్యుడి దగ్గరకు వెళ్లాల్సిన పిల్లవాడి సంగతి కూడా తేలికైపోతుంది.

చైనా విషయం మరీ విచిత్రం. 2021 ఆగస్టులో ఆ దేశం 18 ఏళ్లలోపు వారు శుక్ర, శని, ఆదివారాల్లోనూ సెలవు దినాల్లోనూ రాత్రి 8 నుంచి 9 వరకు మాత్రమే ఆన్‌లైన్ ఆటలు ఆడాలని నియమం పెట్టింది. కఠినమైన నియమమే, కాదనలేం, కానీ నిషేధం కాదు. 2023లో హాంగ్‌ఝౌలో ఆసియా క్రీడలు నిర్వహించినప్పుడు అదే చైనా ఈ-స్పోర్ట్స్‌ను, అంటే పోటీలుగా ఆడే వీడియో గేములను, పతకాల విభాగంలో చేర్చింది. ఆ జాబితాలో పబ్జీ మొబైల్‌కు ఆ క్రీడల కోసం మార్చిన రూపం ఒకటి, దాని స్వర్ణం చైనాకే దక్కింది. మన దేశంలో పబ్జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరు 2న మరో 117 యాప్‌లతో కలిపి ఆపారు. ఐటీ చట్టంలోని 69ఏ సెక్షన్ కింద వచ్చిన ఆ ఉత్తర్వుకు చెప్పిన కారణాలు దేశ సార్వభౌమత్వం, భద్రత, పౌరుల డేటా. గల్వాన్‌లో చైనా సైన్యంతో ఘర్షణ జరిగిన ఏడాది అది. పిల్లల హింసే కారణమైతే, అదే ఆట మరుసటి ఏడాది బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అనే పేరుతో, అవే తుపాకులతో ఎలా తిరిగి వస్తుంది?

స్టీవ్ జాబ్స్ మాట 2014లో న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన ఒక వ్యాసం నుంచి పుట్టింది. తమ పిల్లలు ఐప్యాడ్ వాడలేదనీ, ఇంట్లో టెక్నాలజీ వాడకానికి పరిమితి పెడతామనీ ఆయన విలేఖరితో అన్నారు. పరిమితి పెట్టడం మంచిదే, ఏ తండ్రి అయినా పెట్టవచ్చు. ఆయన తన తొలి ఉద్యోగాల్లో ఒకటి అటారీ అనే వీడియో గేముల కంపెనీలో చేశారని మాత్రం ఆ సందేశం చెప్పదు.

ఇక మిగిలింది ఆ చివరి సలహా. తుపాకి లేకపోతే ఫర్వాలేదు, బుర్రకు పదునైతే ఇంకా మంచిది అన్న మాట వినడానికి ఎంత నిరపాయంగా ఉందో, దాని వెనుక తెలుగునాట అంత పెద్ద కథ ఉంది. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద 1963లో పోలీసులు దాడి చేసి, పేకాడుతున్నవారిని పట్టుకున్నారు. ఆ కేసు సుప్రీంకోర్టుకు వెళితే, పదమూడు ముక్కల రమ్మీలో పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవడం, ఏది దాచాలో ఏది విడవాలో తెలియడం ముఖ్యం కనుక అది ప్రధానంగా నైపుణ్యపు ఆట అని 1967 నవంబరులో తీర్పు వచ్చింది. యాభై ఏళ్ల తర్వాత ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు ఈ తీర్పునే కవచంగా తొడుక్కున్నాయి. అదే తీర్పులో, ఆట నిర్వహించేవారు దాని మీద లాభం గడిస్తుంటే అది నేరం కావచ్చన్న మాట కూడా ఉంది. ప్రతి పందెంలోనూ వాటా తీసుకునే యాప్‌ల ప్రకటనల్లో ఆ మాట సహజంగానే కనిపించలేదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆటలను, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా నిషేధిస్తూ, ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం ప్రోత్సహించదగిన క్రీడగా గుర్తించింది. అంటే మ్యాచ్‌లో తుపాకి పేల్చే కుర్రాడు చట్టానికి ఇటువైపు ఉన్నాడు, తెర మీద ఒక్క చుక్క రక్తం లేని పేకముక్కలు అటువైపు ఉన్నాయి. అప్పులపాలై ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు మన జిల్లా ఎడిషన్లలో వచ్చింది ఆ పేకముక్కల వల్లే.

తుపాకి ఆటల్లో భయపడాల్సినది లేదా అంటే ఉంది, కానీ తుపాకి దగ్గర కాదు. ఉచితమని పేరున్న ఒక ఆటలోకి వెళితే, మ్యాచ్ మొదలు కాకముందే రంగుల చక్రం ఒకటి ఎదురవుతుంది. దాని గడుల్లో ఒకచోట బంగారు పూత వేసిన తుపాకి మెరుస్తుంటుంది. చక్రం తిప్పాలంటే ఆ ఆటలో డబ్బుగా చెల్లే డైమండ్లు కావాలి, డైమండ్లకు టాప్-అప్ కావాలి, టాప్-అప్‌కు అమ్మ ఫోన్‌లోని యూపీఐ పిన్ కావాలి. రూపాయలు డైమండ్లుగా మారగానే ఎంత ఖర్చవుతోందన్న స్పృహ సగం పోతుంది. మొదటి స్పిన్ చవక, రెండోది అంతకన్నా ప్రియం. చక్రం గిర్రున తిరిగి, నెమ్మదించి, బంగారు తుపాకి గడి దాటి పక్క గడిలో ఆగుతుంది; కొద్దిలో తప్పిపోయిందనుకుని పిల్లవాడు మళ్లీ నొక్కుతాడు. అంతా చేసి, చాలా ఆటల్లో ఆ తుపాకికి రంగు తప్ప బలం ఏమీ ఎక్కువ ఉండదు. అయినా వాళ్ల స్నేహితుల ముందు అది లేనివాడు చిన్నబోతాడు.

బెల్జియం జూద నియంత్రణ సంస్థ 2018లో ఆటల్లో ఈ చక్రం లాగే పనిచేసే చెల్లింపు పెట్టెలను పరిశీలించింది. ఏం వస్తుందో తెలియకుండా డబ్బు పెట్టి తెరిచే పెట్టె జూదమేనని తేల్చి, మూడు ఆటలు చట్టాన్ని ఉల్లంఘిస్తున్నాయని ప్రకటించింది. వాటిలో రెండు తుపాకి ఆటలు. మూడోది ఫిఫా 18. బంతి, పచ్చిక, రెండు గోల్‌పోస్టులు తప్ప ఆయుధమన్నది మచ్చుకైనా లేని ఫుట్‌బాల్ ఆట. ఆటగాళ్ల కార్డుల ప్యాకెట్లు కొనడానికి అది అమ్మే పాయింట్లను దాని కంపెనీ 2019 జనవరిలో ఆ దేశంలో ఆపేయాల్సి వచ్చింది.