కర్చీఫ్ వేసిన సీట్లు

ఏప్రిల్ 12, ఆదివారం రాత్రి. మా అక్కావాళ్ల ఇంట్లో భోజనాల బల్ల మీద ఒక పక్క ముద్దపప్పు గిన్నె, ఇంకో పక్క మా బావ ల్యాప్‌టాప్. మా మేనకోడలికి ఇక్కడ అమెరికాలో ఐదు మెడికల్ స్కూళ్లలో సీటు వచ్చింది. ఆ ఐదింటికీ బావ ఎక్సెల్‌లో పట్టిక వేశాడు. ఇరవై ఏడు నిలువు వరుసలు. మొదటిది ర్యాంకు, తర్వాత ఫీజు, విమానాశ్రయం ఎంత దూరం, మంచు ఎన్ని నెలలు పడుతుంది, చిట్టచివర 'గుడి ఉందా'. ముప్ఫై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మనిషి కాబట్టి గళ్లకు రంగులు కూడా అద్దాడు. అన్నీ ఆకుపచ్చే.

"ఈ ర్యాంకులు ఏ ఏడాదివి బావా?" అని అడిగాను.

తెలియదట. ఎవరో వాట్సాప్‌లో పంపారట. 2023 జనవరిలో హార్వర్డ్ మెడికల్ స్కూలు ఆ ర్యాంకులు వేసే 'యూఎస్ న్యూస్' పత్రికకు లెక్కలు ఇవ్వడం మానేసింది, దాని వెనకే ఇంకొన్ని పెద్ద స్కూళ్లూ తప్పుకున్నాయి, మరుసటి ఏడాది ఆ పత్రికే వరుస సంఖ్యలు తీసేసి స్కూళ్లను నాలుగు అంచెలుగా విడగొట్టింది అని చెప్పాను. బావ ఆ వరుస చెరపలేదు కానీ పక్కకు జరిపాడు.

అసలు ఇబ్బంది ర్యాంకులతో కాదు. ఏఏఎంసీ అనే వైద్య కళాశాలల సంఘం పెట్టిన పద్ధతి ప్రకారం ఏప్రిల్ 15 నాటికి ఎవరి చేతిలోనూ మూడు సీట్లకు మించి ఉండకూడదు. నెలాఖరుకు ఒక్కటే మిగలాలి. (టెక్సస్‌ది వేరే దరఖాస్తు, వేరే లెక్క.) ఇంకా మూడు రోజులే గడువు. మా మేనకోడలు రెండు వదిలేస్తానంటోంది, బావ వద్దంటున్నాడు.

"ఉండనీవయ్యా, ఉంటే మనకు పోయేదేముంది?"

ఈ మాట నేను అనంతపురం బస్టాండులో వేయిసార్లు విన్నాను. బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టిన తరం మాది. కర్చీఫ్ లేకపోతే తువ్వాలు, అదీ లేకపోతే పుస్తకం. ఒకసారి నేను ఎడమకాలి చెప్పు వేశాను. అయితే ఆ తోపులాటలో కూడా ఒక నీతి ఉండేది. మనిషికి ఒక కర్చీఫ్. ఐదు సీట్ల మీద ఐదు కర్చీఫులు పరిచి, ఏ కిటికీకి గాలి బాగా వస్తుందా అని మెట్ల దగ్గర నిలబడి ఆలోచించేవాణ్ణి కండక్టరు ఊరుకోనిచ్చేవాడు కాదు. చంకలో పిల్లను ఎత్తుకుని నిలబడ్డ మనిషి అసలే ఊరుకునేది కాదు.

ఇక్కడ నిలబడి ఉన్నవాళ్లు మనకు కనిపించరు. అంతే తేడా. 2022లో ఈ దేశంలో ఎండీ (మన ఎంబీబీఎస్ లాంటిది) సీట్ల కోసం దరఖాస్తు చేసినవారు 55 వేల పైచిలుకు, చేరినవారు 22,700. అంటే పది మందిలో ఆరుగురు ఉత్త చేతులతో మిగిలారు. వాళ్లలో మన పిల్లలు లేరనుకుంటున్నారా? ఉన్నారు. ఉగాది వేడుకల్లో వాళ్లను వేదిక మీదికి పిలవరు కాబట్టి మనకు తెలియదు. 'మీ అమ్మాయికి ఎన్నొచ్చాయి?' అని అడగడం మనకు అలవాటైపోయింది, ఆ ప్రశ్నకు 'ఐదు' అని చెప్పడంలో ఉన్న రుచి 'ఒకటి' అనడంలో ఉండదు. మార్చి నుంచి ఏప్రిల్ దాకా సీట్లు అట్టిపెట్టుకునే తల్లిదండ్రుల్లో సగం మందికి అసలు కారణం ఇదేనని నా అనుమానం. కోపం వచ్చినవాళ్లు నాకు ఫోను చేయవచ్చు.

వెయిటింగ్ లిస్టులో ఉండటం ఎలా ఉంటుందో నేను దగ్గరగా చూశాను. నా స్నేహితుడి కొడుకు మూడోసారి దరఖాస్తు చేసిన ఏడాది, ఏప్రిల్ నుంచి జులై దాకా ఆ కుర్రాడు స్నానానికి వెళ్లినా ఫోను వెంట తీసుకెళ్లేవాడు. తెలియని నంబరు నుంచి ఫోను వస్తే ఇంట్లో మాటలు ఆగిపోయేవి. కారు వారంటీ అమ్మడానికి ఫోను చేసేవాళ్లు కూడా ఆ ఇంట్లో అంత మర్యాదగా పలకరింపు అందుకున్నారు. చివరికి జులై మూడో వారంలో పిలుపొచ్చింది. క్లాసులు మొదలవడానికి తొమ్మిది రోజుల ముందు. ఆ సీటు ఏప్రిల్లోనే ఎవరో ఒకరు వదిలి ఉండవచ్చునని నేను రుజువు చేయలేను. స్కూళ్లు కూడా తెలివైనవే, ఎంతమంది రారో అంచనా వేసుకుని సీట్ల కంటే ఎక్కువమందికి ఉత్తరాలు పంపుతాయి. మనం వదిలిన ప్రతి సీటూ వెంటనే ఇంకొకరికి వెళ్లదు. కానీ ఎవరూ వదలకపోతే జాబితా అసలు కదలదు కదా.

పట్టుకుని ఉండటానికి న్యాయమైన కారణం ఒకటుంది: డబ్బు ఉత్తరం. స్కాలర్‌షిప్ ఎంత ఇస్తారో చాలా స్కూళ్లు మార్చి, ఏప్రిల్ దాకా చెప్పవు. అది రాకుండా నిర్ణయించుకోమనడం అన్యాయం. వచ్చాక ఇంకో స్కూలు వాళ్లకు ఆ ఉత్తరం చూపించి, 'మీరేమైనా పెంచగలరా' అని అడగవచ్చు కూడా. బెండకాయల దగ్గర అర డాలరుకు బేరమాడే మనం ఇక్కడ మాత్రం నోరు కట్టేసుకుంటాం. మర్యాదగా అడిగితే సీటేమీ పోదు. అయితే బేరానికి రెండు ఉత్తరాలు చాలు. ఐదు అక్కర్లేదు. ఎలాగూ చేరేది లేదని ఇంట్లో అందరికీ తెలిసిన స్కూలును, పట్టికలో ఆకుపచ్చగా ఉందని పట్టుకు కూర్చోవడానికి పేరు వేరే ఉంది. మన ఊళ్లో కౌన్సెలింగులో ఎవరైనా అలా చేస్తే సీటు బ్లాకింగ్ అని తిడతాం.

ఆ రాత్రి రెండు సీట్లు వదిలేశాం. అసలు పోట్లాట మిగిలిన మూడింటి దగ్గర మొదలైంది. మూడోది చాలా దూరం, అది ఎవరికీ పెద్దగా ఇష్టం లేదు. కాబట్టి లెక్కకు రెండే. ఒకటి తూర్పు తీరంలో పేరు వినగానే కళ్లు పెద్దవి చేసే ప్రైవేటు స్కూలు. రెండోది మా రాష్ట్రంలోని ప్రభుత్వ స్కూలు, ఇంటి నుంచి గంటన్నర.

ప్రైవేటు స్కూలుకు ఫీజు, గది అద్దె, తిండి అన్నీ కలిపి ఏడాదికి లక్ష డాలర్లు. ప్రభుత్వ స్కూలుకు 62 వేలు. మామూలుగా అయితే 'లోను పెడదాం, డాక్టరయ్యాక తీర్చుకుంటుంది' అనేవాళ్లం. ఈ ఏడాది ఆ దారి ఇరుకైంది. 2025 జులై 4న సంతకమైన చట్టం, ఖర్చంతటికీ ఫెడరల్ లోను ఇచ్చే గ్రాడ్ ప్లస్‌ను 2026 జులై 1 నుంచి కొత్తవాళ్లకు ఎత్తేసింది. వైద్య విద్యార్థికి ఏడాదికి 50 వేలు, మొత్తం మీద రెండు లక్షలు మించి ఫెడరల్ లోను రాదు. అక్క, బావ ఏడాదికి 12 వేలు ఇవ్వగలమన్నారు. ప్రభుత్వ స్కూలుకు సరిగ్గా సరిపోయింది. ప్రైవేటు స్కూలుకు ఏటా ఇంకో 38 వేలు బయట అప్పు చేయాలి. నాలుగేళ్లకు 1,52,000. ఎనిమిది శాతం అనుకున్నా వడ్డీ ఒక్కటే నెలకు వెయ్యి డాలర్లు. డిగ్రీ తర్వాత ఆసుపత్రిలో చేసే శిక్షణ, అంటే రెసిడెన్సీలో వచ్చే జీతం మీద నెలకు వెయ్యి అంటే ఏమిటో నాకు తెలుసు. నేను ఆ జీతం మీద పాత టొయోటాకు బ్రేకులు వేయించడానికి రెండు నెలలు ఆగాను. పైగా ప్రైవేటు అప్పుకు బావ హామీ సంతకం పెట్టాలి, ఆయనకు యాభై ఎనిమిది. లాభాపేక్ష లేని ఆసుపత్రిలో పదేళ్లు పనిచేస్తే మిగిలిన బాకీ మాఫీ చేసే పథకం ఫెడరల్ లోనుకే వర్తిస్తుంది, ఈ అప్పుకు వర్తించదు.

ఇరవై ఏడు వరుసల పట్టికలో ఈ లెక్క లేదు. ఫీజు ఉంది, సంతకం ఎవరిదో లేదు.

(న్యూయార్క్ నగరంలో 2018 నుంచి ఎన్‌వైయూ మెడికల్ స్కూలు ట్యూషన్ ఫీజు తీసుకోవడం లేదు. 2024లో బిలియన్ డాలర్ల విరాళం వచ్చాక అక్కడి ఐన్‌స్టైన్ కూడా మానేసింది. ఆ ఉత్తరాలు చేతిలో ఉన్నవాళ్లు ఈ వ్యాసం చదవనక్కర్లేదు, స్వీట్లు పంచండి.)

"పేరుకు విలువ లేదా మరి?" అని బావ నిలదీశాడు. ఉంది. మా ఆసుపత్రిలో రెసిడెంట్లను ఎంపిక చేసే కమిటీలో ఆరేళ్లు కూర్చున్నాను. పెద్ద పేరు కనిపిస్తే దరఖాస్తును ఇంకో నిమిషం ఎక్కువ చూస్తాం, అబద్ధమెందుకు. 2022 జనవరి నుంచి, డాక్టరు లైసెన్సుకు రాసే పరీక్షల్లో మొదటిదైన స్టెప్ 1కు మార్కులు తీసేసి పాస్, ఫెయిల్ మాత్రమే ఉంచారు కాబట్టి పేరు బరువు ఇంకాస్త పెరిగిందనేవాళ్లూ ఉన్నారు. న్యూరోసర్జరీ లాంటి వాటి మీద కన్నున్న పిల్లలకు సొంత స్కూల్లో ఆ విభాగం, పరిశోధన చేయించే పెద్దలు ఉండటం నిజంగా ముఖ్యమే. కానీ ఆ ఎక్కువ నిమిషం అయిపోయాక మేం చదివేది స్టెప్ 2 మార్కులు, మూడో సంవత్సరంలో వార్డు డాక్టర్లు రాసిన నాలుగు వాక్యాలు. 'ఈ విద్యార్థి రాత్రి రెండింటికి తిరిగి వచ్చి పేషెంటును మళ్లీ చూసింది' అనే ఒక్క వాక్యానికి మా కమిటీ పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ వాక్యం ఏ స్కూలు నుంచి వచ్చిందో నాకిప్పుడు గుర్తు లేదు.

అందుకే నేను మూడో సంవత్సరం గురించి అడగమంటాను. నా సొంత కథ వినండి. ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం) ప్రాంతం వాణ్ణి, నా ర్యాంకుకు రెండే దారులు: కర్నూలు, తిరుపతి. "కర్నూలుకు మనకు నేరుగా బస్సుంది" అన్నారు మా నాన్న. నిర్ణయం అయిపోయింది. కౌన్సెలింగ్ హాలులో మా వెనక నిలబడినవాళ్లు గొంతు సవరించుకునే లోపలే. ఆ తొందర తప్పు కాలేదు, ఎందుకంటే రెండు చోట్లా ఫీజు అంతంతే, రెండు చోట్లా వార్డుల నిండా జనమే. కర్నూలు పెద్దాసుపత్రికి ఇటు మహబూబ్‌నగర్ నుంచి, అటు రాయచూరు, బళ్లారి నుంచి వచ్చేవాళ్లు. మంచం కింద కూడా పేషెంటు ఉండేవాడు. గుండె శబ్దాలు నేను పుస్తకంలో కాదు, ఆ నేల మీద చాప పక్కన మోకాళ్లేసి నేర్చుకున్నాను.

ఈ దేశంలో స్కూలుకూ స్కూలుకూ మధ్య తేడా ఎక్కువగా అక్కడే ఉంది. కొన్నిటికి సొంత ఆసుపత్రి ఉంటుంది, కొన్నిటికి ఉండదు. కొన్ని స్కూళ్లు పిల్లలను రెండు గంటల దూరంలో ఉన్న ఆసుపత్రులకు పంపిస్తాయి. ఒక టీములో ఎంతమంది విద్యార్థులు? పిల్లలు చేత్తో చేస్తారా, వెనక నిలబడి చూస్తారా? సీటు వచ్చినవాళ్లను పిలిచి స్కూలు చూపించే రోజున మిమ్మల్ని తిప్పేది మొదటి సంవత్సరం పిల్లలు. పాపం వాళ్లింకా వార్డు చూడలేదు, కొత్త జిమ్ గురించి చెబుతారు. మూడో సంవత్సరం విద్యార్థి ఎవరో కళ్ల కింద నల్లగా, కాఫీ యంత్రం దగ్గర దొరుకుతారు. వాళ్లను పట్టుకుని 'పోయిన వారం నువ్వు సొంతంగా చేసిన పని ఒకటి చెప్పు' అని అడగండి. డీఓ (ఎండీ లాగే డాక్టరును చేసే ఇంకో డిగ్రీ) స్కూళ్లకైనా ఇదే ప్రశ్న. 2020 నుంచి ఎండీ, డీఓ రెసిడెన్సీలకు ఒకటే గుర్తింపు వ్యవస్థ, అయినా మన విందుల్లో ఇంకా 'డీఓ అంటే డాక్టరేనా?' అని గుసగుసలు పోతున్నారు. ఆ ప్రశ్నకు జవాబివ్వడం నేను మానేశాను.

మా మేనకోడలు ఈ ప్రశ్నలన్నీ రెండు స్కూళ్లలోనూ అడిగింది. జవాబులు దాదాపు ఒకేలా ఉన్నాయి. మిగిలింది 1,52,000. అయినా బావ మనసు ఆ పేరు మీదే ఉంది. అప్పుడు ఆ పిల్ల చెప్పిన విషయం నాకూ అంతవరకూ తెలియదు.

తనతో పాటు ల్యాబులో పనిచేసే అమ్మాయి, తెలుగమ్మాయే, అదే ప్రైవేటు స్కూలు వెయిటింగ్ లిస్టులో ఉంది. వాళ్ల నాన్న హెచ్1బీ మీద వచ్చి గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్ల తరబడి ఉన్నాడు. ఇరవై ఒకటి నిండగానే ఆ పిల్లకు నాన్న మీద ఆధారపడి ఉన్న హెచ్4 వీసా పోయి, విద్యార్థి వీసాకు మారింది. ఎలిమెంటరీ స్కూలు నుంచి ఇక్కడే చదివినా కాగితం మీద విదేశీ విద్యార్థి. చాలా మెడికల్ స్కూళ్లు అలాంటివారి దరఖాస్తే తీసుకోవు, ఫెడరల్ లోను అసలే రాదు. తీసుకునే కొద్ది స్కూళ్లలో ఇదొకటి. మా పిల్లకు ఐదు ఉత్తరాలు, ఆ పిల్లకు ఈ ఒక్క వెయిటింగ్ లిస్టు.

"నేను వదిలితే తనకే వస్తుందని కాదు నాన్నా" అంది. "కానీ రోజూ ల్యాబులో తన ఎదురుగా కూర్చుంటున్నాను."

బావ ఏమీ అనలేదు. లేచి, చెత్తబుట్ట వీధిలో పెట్టడానికి వెళ్లాడు. అది మంగళవారం పని. మరుసటి ఆదివారం, గడువుకు పదకొండు రోజుల ముందే, మా పిల్ల ఆ సీటు వదిలేసింది. నేను పక్కనే ఉన్నాను. పూర్తి చేయడానికి అర నిమిషం కూడా పట్టలేదు. అక్క దేవుడి దగ్గర దీపం పెట్టింది, ఎందుకో ఎవరూ అడగలేదు.

ఇది రాస్తున్నది జూన్ మొదటి వారంలో. ఆ అమ్మాయికి ఇంకా పిలుపు రాలేదు. మా పిల్ల ఆగస్టులో చేరడానికి గది వెతుక్కుంటోంది. బావ ఆ పట్టిక తెరవడం మానేశాడని అక్క చెప్పింది. ప్రతి ఆదివారం రాత్రి కూతురికి ఫోను చేసి, అటు కుశలం అడగకముందే అడుగుతున్నాడట: "ఆ పిల్లకు వచ్చిందా?"