చెట్టుకు గర్భగుడి

మా అమ్మాయి ఐదో తరగతి. బాలల దినోత్సవానికి ‘మన పాలమూరు వింతలు’ అనే విషయం మీద మూడు నిమిషాలు మాట్లాడమన్నారు. పాలమూరులో వింత అంటే పిల్లలమర్రి కాక ఇంకేం తడుతుంది? మహబూబ్‌నగర్ పట్టణానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, ఏడు వందల ఏళ్ల వయసని చెప్పుకునే మర్రి మూడు ఎకరాల్లో ఊడలు దించుకుని కూర్చుంది. కాగితం తీసి నేనే రాసిచ్చాను. 2017 చివర్లో పెద్ద కొమ్మ విరగడం, మానుకు చెదలు పట్టడం, 2018లో చెదల మందును సెలైన్ సీసాల్లో నింపి చుక్కలు చుక్కలుగా ఎక్కించడం అన్నీ చేర్చాను. చెట్టుకు సెలైన్ అనగానే సభ నోరు తెరుచుకుని వింటుందని నా నమ్మకం.

ఆ కాగితం మా అమ్మ కంటపడింది. ఆమె పుట్టిల్లు సూర్యాపేట వైపు. అక్కడా ఒక పిల్లలమర్రి ఉంది. అక్కడ పేరు మోసింది మాత్రం చెట్టు కాదు, కాకతీయుల కాలంలో రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్లు. "పిల్లలమర్రి అంటే మాది బిడ్డా. మీ నాన్న రాసింది ఉత్త మర్రిచెట్టు" అని తేల్చేసింది.

విషయం పాలమూరు గురించి అని నేను, చరిత్రకు జిల్లా హద్దులేమిటని ఆమె. నా భార్య వంటింట్లోంచి ఇద్దరికీ "ఊఁ" కొట్టి ఊరుకుంది. అత్తగారి పుట్టింటి విషయంలో తలదూర్చని కోడళ్లే సుఖంగా ఉంటారు. మర్నాటికి కాగితం వెనక వైపు కూడా నిండిపోయింది: ఎరకేశ్వరాలయం, 1208, బేతిరెడ్డి భార్య ఎరకసాని, అద్దంలా మెరిసే నల్లరాతి స్తంభాలు. అమ్మ చెబుతుంటే మనవరాలే రాసుకుంది. పగలు ముందు వైపు, రాత్రి నాయనమ్మ పక్కలో వెనక వైపు వల్లించింది.

సభ నాడు మైకు ప్రధానోపాధ్యాయుడి ఎత్తుకు బిగించి ఉంది. ఎవరో దాన్ని వంచబోతే అది కుయ్యిమని అరిచింది. పిల్ల ఉలిక్కిపడి కాగితం జారవిడిచి, మళ్లీ తీసుకుంది. ఏ వైపు పైకి వచ్చిందో చూసుకునే తీరిక ఎక్కడిది? గౌరవనీయులు మొదలుకొని తోటి విద్యార్థినీ విద్యార్థుల దాకా అందరికీ హృదయపూర్వక నమస్కారాలు పెట్టేసరికే ఒక నిమిషం గడిచింది. ఆ పైన అందుకుంది.

"మన పిల్లలమర్రిని 1208లో బేతిరెడ్డి భార్య ఎరకసాని కట్టించింది. ఇది మూడు ఎకరాల్లో ఊడలు దించింది. దీనికి అద్దంలా మెరిసే నల్లరాతి స్తంభాలున్నాయి. దీని గర్భగుడికి చెదలు పట్టగా సెలైన్ ఎక్కించారు."

తెలుగు మాస్టారు నుదురు పట్టుకున్నారు. వెనక వరసల్లో తల్లిదండ్రులు కొంగులూ రుమాళ్లూ నోటికి అడ్డం పెట్టుకున్నారు. మా అమ్మ ఒక్కతే, ఎరకసాని పేరు వినపడిన చోట, గట్టిగా చప్పట్లు కొట్టింది.

ముఖ్య అతిథి బదిలీ మీద కొత్తగా వచ్చిన అధికారి. ఆయనకు నవ్వు రాలేదు. పైగా జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నారు. తన ప్రసంగంలో, ఎనిమిది వందల ఏళ్ల కిందటే పర్యావరణం గురించి ఆలోచించిన ఆ మహాతల్లి ఎరకసానికి జోహార్లు అర్పించి, ఆదివారం కుటుంబంతో వెళ్లి చూస్తానని మాటిచ్చారు. అంతటితో ఊరుకోక పిల్లను దగ్గరికి పిలిచి, "మరి ఆ నల్లరాతి స్తంభాలు ఎక్కడున్నాయమ్మా?" అని మైకులోనే అడిగారు.

నాకు గుండె గొంతులోకి వచ్చింది. అది మాత్రం తడుముకోలేదు.

"ఊడలే స్తంభాలు సార్. దగ్గరికి పోతే తెలుస్తుంది."

సభ ఘొల్లుమంది. రెండో బహుమతి ఇచ్చారు: ఒక స్టీలు టిఫిన్ డబ్బా. అసలు విషయం అధికారికి ఎవరు చెప్పాలని వేదిక వెనక ఉపాధ్యాయులు చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. చివరికి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇంటికి రాగానే మా అమ్మ సూర్యాపేటలో ఉన్న తమ్ముడికి ఫోను చేసింది. "మన గుడికి పాలమూరులో బహుమతి వచ్చిందిరా! వీడు మధ్యలో చెట్టును దూర్చకపోతే మొదటిదే వచ్చేది."