‘హామీదారు సంతకం’ గడికి ఒక మనవి

మహారాజశ్రీ అప్పు దరఖాస్తు నాలుగో పేజీలో వేంచేసియున్న ‘హామీదారు సంతకం’ గడి గారికి, కారం మిల్లు నడుపుకునే ఒక ఆడమనిషి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ అందరం క్షేమం. తమరు మాత్రం ఖాళీగా ఉన్నారని మేనేజరు గారు చాలా దిగులుపడుతున్నారు.

రెండో మిల్లు కోసం 8 లక్షలు అడిగాను. పదకొండేళ్ల కరెంటు బిల్లులు, చిన్న పరిశ్రమగా నమోదైన ఉద్యమ్ రిజిస్ట్రేషను, కొత్త మోటారుకు కొటేషను, అన్నీ జతచేశాను. కట్ట విప్పగానే మేనేజరు గారికి నాలుగు తుమ్ములు వచ్చాయి. నేను చేసే వ్యాపారానికి అంతకన్నా రుజువేముంటుంది? ముక్కు తుడుచుకుని, ‘అంతా బాగుందమ్మా, మీ ఆయన వచ్చి ఒక్క సంతకం పెడితే సరిపోతుంది’ అన్నారు.

మా ఆయన మంచివాడే. కానీ మిల్లు బెల్టు ఎటు తిరుగుతుందో ఆయనకు తెలియదు. మోటారుసైకిలు అప్పు మూడు వాయిదాలు ఆగిపోతే తీర్చింది ఈ మిల్లే. ఇప్పుడు మిల్లుకు ఆయన పూచీ!

చిన్న పరిశ్రమలకు 10 లక్షల వరకు తాకట్టు అడగవద్దని రిజర్వు బ్యాంకు 2010లోనే చెప్పింది కదండీ అన్నాను. ‘తాకట్టు ఎవరడిగారమ్మా, సంతకమేగా’ అన్నారు. ఆయన వెనక గోడమీద స్టాండప్ ఇండియా పోస్టరు. శాఖకు కనీసం ఒక మహిళకు 10 లక్షల నుంచి కోటి దాకా అప్పివ్వాలని 2016లో వచ్చిన పథకం అది. పోస్టరులో నవ్వుతున్న అమ్మాయి పక్కన మొగుడు లేడు. ఫొటో తీసిన రోజు ఊళ్లో లేడేమో.

నాకు అంతుపట్టనిది ఒకటుంది. డ్వాక్రా సంఘంలో పదిమందిమి చాప మీద కూర్చుని సంతకాలు పెడితే ఇదే బ్యాంకు అప్పిచ్చింది. ఏ ఒక్కరి మొగుణ్ణీ రమ్మనలేదు. ఒకరు కట్టకపోతే మిగతా తొమ్మిదిమందీ వాళ్ల గుమ్మంలో కూర్చుంటామని దానికి బాగా తెలుసు. అలా పదేళ్లు కట్టిన దాన్ని, ఒంటరిగా వచ్చి కుర్చీలో కూర్చునేసరికి అనుమానితురాలినయ్యాను. చాప మీదే ఉండిపోవలసిందేమో.

మా ఎదురుగా ఎరువుల కొట్టు. ‘ప్రొప్రయిటర్: శ్రీమతి’ అని బోర్డు మీద బారెడు అక్షరాలు. ఆ శ్రీమతిని ప్రారంభోత్సవం నాడు దీపం వెలిగిస్తుంటే చూశాం, మళ్లీ చూడలేదు. మహిళల రాయితీ ఆమె పేరున, గల్లాపెట్టె తాళం ఆయన జేబులో. ఆ దరఖాస్తులో తమరు క్షణంలో నిండిపోయి ఉంటారు.

చివరకు మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మేనేజరు గారు లేచి చెయ్యి కలిపి, టీ తెప్పించి, ‘మోటారు ఎన్ని హెచ్‌పీ అండీ?’ అని అడిగారు. ఆయన నా వంక చూశాడు. ‘పది’ అన్నాను. మేనేజరు గారు ఆయన వంకే చూస్తూ తలూపి రాసుకున్నారు.

ఇట్లు,
కారం మిల్లు యజమాని
(సంతకం నాదే. పక్కన గడి గీయలేదు, మన్నించాలి.)

తా.క.: టీ ఒకటే వచ్చింది.