చెవిలో హోరుకు మతిమరుపు మందులు కావు, వినికిడి పరీక్ష కావాలి

చెవిలో హోరు ఉన్న వృద్ధులకు మతిమరుపు తప్పదన్నట్టుగా వస్తున్న వార్తలు పెద్దవాళ్లను అనవసరంగా బెంబేలెత్తిస్తున్నాయి. వైద్యులు టిన్నిటస్ అనే ఈ బాధ ప్రపంచంలో సుమారు 74 కోట్ల మందికి ఉందని 2022లో వెలువడిన ఒక సమీక్ష అంచనా వేసింది. వారంతా డిమెన్షియా (మతిమరుపు జబ్బు) వైపు నడుస్తున్నారనడానికి ఆధారాలు లేవు. పైగా, వినికిడి తగ్గిన వృద్ధుల్లో హోరు ఉన్నవారే మేధో పరీక్షల్లో కాస్త మెరుగ్గా నిలిచారని అమెరికా వృద్ధులపై జరిగి 2021లో ప్రచురితమైన ఒక విశ్లేషణ తేల్చింది. హోరు వల్ల నిద్ర కరువై, దిగులు పెరిగి ఏకాగ్రత చెదరడం నిజమే గానీ, దానికి చికిత్స ఉంది.

అసలు ముప్పు హోరు వెనుక దాగిన వినికిడి లోపంలో ఉంది. లోపలి చెవిలోని సూక్ష్మ కణాలు వయసుతోనో, ఏళ్ల తరబడి మోతల మధ్య పనిచేయడం వల్లనో దెబ్బతిన్నప్పుడు మెదడుకు చేరే సంకేతాలు తగ్గుతాయి. ఆ లోటు పూడ్చుకోవడానికి మెదడు తన స్పందనను పెంచుకోవడం వల్లే చాలా మందిలో హోరు పుడుతుందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. అలా సగం సగం వినిపించిన మాటలను కూడగట్టుకోవడానికే శక్తి ఖర్చయిపోతే, జ్ఞాపకం పెట్టుకోవడానికి మెదడులో ఏం మిగులుతుంది? నలుగురిలో కూర్చుని మాట అందక చిన్నబోయిన మనిషి క్రమంగా మాటలే మానేస్తాడు, ఆ ఒంటరితనమూ మెదడుకు చేటే. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాంక్ లిన్ బృందం 639 మందిని ఏళ్ల తరబడి గమనించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, స్వల్ప వినికిడి లోపం ఉన్నవారికి డిమెన్షియా ముప్పు రెండింతలు, తీవ్ర లోపం ఉన్నవారికి అయిదింతలు కనిపించింది.

వినికిడి యంత్రం పెడితే మతి నిలుస్తుందని రుజువు కాలేదనేవారు ఉన్నారు. 977 మందిపై జరిగి 2023లో వెలువడిన అమెరికా ప్రయోగంలో మొత్తంమీద మూడేళ్లలో తేడా కనిపించని మాట వాస్తవమే. అయితే మొదటి నుంచీ ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో మాత్రం మేధాశక్తి క్షీణత 48 శాతం నెమ్మదించింది. మన ప్రభుత్వాలు చూడవలసింది సరిగ్గా ఈ వర్గాన్నే.

దేశంలో అరవై దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా. తెలంగాణ 2018లో కంటి వెలుగుతో ఊరూరా కళ్లు పరీక్షించి అద్దాలు పంచింది, మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్ కూడా అదే దారి పట్టింది. చెవులకు అంతటి కార్యక్రమం రాలేదు. పేద వృద్ధులకు వినికిడి యంత్రాలు కూడా ఇచ్చే కేంద్ర పథకం రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో మన నెల్లూరులోనే మొదలైంది గానీ, యంత్రం చేతిలో పెడితే పని పూర్తికాదు. దాన్ని ఆ మనిషి వినికిడికి తగ్గట్టు సరిచేయాలి, కొన్ని వారాల తర్వాత మళ్లీ పిలిచి చూడాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగర్ చూసే రోజునే హోరు గురించి, వినికిడి గురించి రెండు ప్రశ్నలు అడిగి, ఇబ్బంది ఉందన్న ప్రతి ఒక్కరినీ ఆడియాలజిస్టు (వినికిడి నిపుణుడు) ఉన్న ఆసుపత్రికి పంపే ఏర్పాటును రెండు రాష్ట్రాలూ ఇప్పుడే మొదలుపెట్టాలి.