ఆ లంచ్ టేబుల్ దగ్గర జరిగేది ‘ఆడపిల్లల గొడవ’ కాదు

అమెరికా హైస్కూల్ సినిమాల గుట్టు విప్పుతానంటూ ఒక మెసేజ్ తిరుగుతోంది. స్నేహితులు ఒకరి తర్వాత ఒకరు పంపుతూనే ఉన్నారు. పిల్లలు అమెరికాలో మిడిల్ స్కూలుకో హైస్కూలుకో వెళ్తున్న తెలుగు తల్లిదండ్రుల గ్రూపుల్లో అయితే దాని కింద చప్పట్లే చప్పట్లు. అందులో ఆరు మాటలున్నాయి. ఒకటి, ‘మీన్ గర్ల్స్’, ‘హీథర్స్’, ‘క్లూలెస్’, ‘ది బ్రేక్‌ఫస్ట్ క్లబ్’ లాంటివి ఇంకా నిలిచి ఉన్నది పాత జ్ఞాపకాల మోజు వల్లే. రెండు, ఆ గ్యాంగులూ బ్యాచులూ రచయితల కల్పన. మూడు, స్కూలు పిల్లలుగా వేసినవాళ్ళంతా ముదురు నటులు. నాలుగు, జుట్టు దువ్వి కొత్త గౌను వేస్తే కథ కంచికి, చివర్లో అందరూ స్నేహితులు. ఐదు, ఫోన్లు లేని కాలం కథలు ఇప్పటి పిల్లలకి పనికిరావు. ఆరోది చదివాకే ఇది రాయాలనిపించింది: ‘ఈ సినిమాలన్నీ చెప్పేది ఒక్కటే, ఆడదానికి ఆడదే శత్రువు. అది పుట్టుకతో వచ్చే గుణం. కాబట్టి ఆడపిల్లల గొడవల్లో పెద్దవాళ్ళు వేలు పెట్టకూడదు.’

వయసు సంగతి ముందు తేల్చేద్దాం. ‘మీన్ గర్ల్స్’లో గ్యాంగు నాయకురాలు రెజీనాగా వేసిన రేచల్ మెక్‌ఆడమ్స్‌కి అప్పటికి ఇంచుమించు 25. ‘బ్రేక్‌ఫస్ట్ క్లబ్’లో జడ్ నెల్సన్‌కి 24, అదే బల్ల దగ్గర కూర్చున్న మాలీ రింగ్‌వాల్డ్, ఆంథొనీ మైకేల్ హాల్ మాత్రం నిజంగా పదహారేళ్ళ పిల్లలు. మైనర్లతో రోజుకి ఇన్ని గంటలకి మించి పని చేయించకూడదన్న నిబంధనలుంటాయి, అందుకే నిర్మాతలు పెద్దవాళ్ళ వైపు మొగ్గుతారు. ఇందులో గుట్టేమీ లేదు.

జ్ఞాపకాల మోజు అనాలంటే ముందు జ్ఞాపకం ఉండాలి కదా. ‘హీథర్స్’ 1989లో విడుదలైంది. సుమారు 30 లక్షల డాలర్లతో తీస్తే అమెరికా థియేటర్లలో వచ్చింది 11 లక్షలు. చూసినవాళ్ళే తక్కువ. దాన్ని నిలబెట్టింది ఆ తర్వాత వీడియో క్యాసెట్లు అద్దెకి తెచ్చుకుని చూసిన పిల్లలు. ‘మీన్ గర్ల్స్’ 2004 నాటిది. 2023 అక్టోబర్ 3న పారమౌంట్ స్టూడియో వాళ్ళు ఆ సినిమా మొత్తాన్ని 23 ముక్కలు చేసి టిక్‌టాక్‌లో పెట్టారు. సినిమా వచ్చేనాటికి పుట్టనివాళ్ళు ఎగబడి చూసే చోటు అది. లాకర్లు లేని, కెఫటీరియా లేని స్కూళ్ళలో చదివిన మన పిల్లలు కూడా చూస్తున్నారు. వాళ్ళు దేన్ని గుర్తు చేసుకుంటున్నట్టు?

గ్యాంగులు కల్పన అన్న మాటకి కాస్త చోటివ్వాలి. సమాజశాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్ ఇల్లినాయ్ రాష్ట్రంలో పది హైస్కూళ్ళని పరిశీలించి 1961లో పుస్తకం వేశాడు. స్కూలు వదిలాక మిమ్మల్ని ఎలా గుర్తుంచుకోవాలి అని మగపిల్లల్ని అడిగితే, బాగా చదివేవాడిగా అన్నవాళ్ళకంటే ఆటగాడిగా అన్నవాళ్ళే ఎక్కువ. ఎవరు ఏ గుంపు, ఆ గుంపులోకి వెళ్ళాలంటే ఏం కావాలి, అన్నీ పిల్లలే నోటితో చెప్పారు. జాన్ హ్యూస్ 1985లో తీసిన ‘బ్రేక్‌ఫస్ట్ క్లబ్’లోని షెర్మర్ స్కూలు కూడా ఇల్లినాయ్‌లోదే. ‘మీన్ గర్ల్స్’ జరిగే ఎవాన్‌స్టన్ కూడా ఇల్లినాయే. పైగా ‘మీన్ గర్ల్స్’ పుట్టింది కథలోంచి కాదు. రోజలిండ్ వైజ్‌మన్ 2002లో తల్లిదండ్రుల కోసం రాసిన పుస్తకం దానికి ఆధారం. అందులో కథే లేదు. కథ అల్లుకున్నది సినిమా రచయిత టీనా ఫే.

ఆ సినిమాల్లో లంచ్ టేబుల్‌కి అంత ప్రాణం ఎందుకో మనకి వెంటనే అందదు, ఎందుకంటే మన స్కూలు కట్టుబడి వేరు. టెన్త్ బి సెక్షన్ అంటే ఏడాదంతా అదే గది, అదే బెంచీ. టీచర్లే వస్తూ పోతూ ఉంటారు. అమెరికా హైస్కూల్లో గంట కొడితే గది మారేది పిల్లలు. ఒక్కొక్కరిది ఒక్కో టైమ్‌టేబుల్, గదికీ గదికీ మధ్య నాలుగైదు నిమిషాలు. లెక్కల క్లాసులో పక్కన ఉన్నవాళ్ళు చరిత్ర క్లాసులో ఉండరు. ఎవరి పక్కన కూర్చోవాలో పెద్దవాళ్ళెవరూ నిర్ణయించని చోటు కెఫటీరియా ఒక్కటే. వందలమంది చూస్తుండగా చేతిలో ట్రే పట్టుకుని ‘నేను ఎవరిదాన్ని’ అన్నదానికి అక్కడ రోజూ జవాబు చెప్పాలి. ‘మీన్ గర్ల్స్’లో స్కూలుకి కొత్తగా వచ్చిన కేడీకి జానిస్ అనే తోటి అమ్మాయి కాగితం మీద టేబుళ్ళ మ్యాప్ గీసి ఇస్తుంది చూడండి, అది హాస్యం కోసం మాత్రమే పెట్టింది కాదు. కొత్తగా చేరిన ఏ పిల్లయినా మొదటి వారంలో మనసులో గీసుకునే బొమ్మే అది.

జుట్టు దువ్వడం సంగతి. ‘బ్రేక్‌ఫస్ట్ క్లబ్’ చివర్లో ఆలిసన్ అనే అమ్మాయికి కాటుక కడిగి, రిబ్బను కట్టి అందంగా తయారు చేస్తారు. అది ఆ సినిమాకి మచ్చే, ఒప్పుకుంటున్నాను. కానీ అన్నింటినీ ఒకే గాటన కట్టేయడం ఏం చూపు? ‘క్లూలెస్’లో షెర్ అనే అమ్మాయి ముస్తాబు చేసిన టై అనే కొత్తమ్మాయి, కొన్నాళ్ళకి షెర్‌నే మించిపోయి ఆమెనే చులకన చేసి మాట్లాడుతుంది. ‘మీన్ గర్ల్స్’లో కేడీ ఎంత అందంగా తయారైతే అంత దిగజారుతుంది. ఇక ‘చివర్లో అందరూ స్నేహితులు’ అన్నాయన ‘బ్రేక్‌ఫస్ట్ క్లబ్’ పూర్తిగా చూడలేదనే అనుకోవాలి. శనివారం శిక్షగా లైబ్రరీలో కూర్చోబెట్టిన అయిదుగురూ మనసు విప్పుకున్నాక, బ్రయన్ ఒక్కటే అడుగుతాడు: సోమవారం ఏమవుతుంది? మనం పలకరించుకుంటామా? పలకరించుకోమని క్లేర్ మొహం మీదే చెబుతుంది. మిగతావాళ్ళు ఆమె మీద విరుచుకుపడతారు. సినిమా మాత్రం ఆ సోమవారాన్ని చూపించకుండానే ముగుస్తుంది. నలభై ఏళ్ళుగా చూసినవాళ్ళు తేల్చుకోలేక మాట్లాడుకుంటున్నది ఆ సోమవారం గురించే.

‘ఫోన్లు లేని కాలం’ అంటే నవ్వు కూడా రావట్లేదు. ‘మీన్ గర్ల్స్’ని నడిపేదే ఫోను. రెజీనా ముందు తన గ్యాంగులోని గ్రెచెన్‌ని లైన్లో ఉంచుతుంది, ఉన్నట్టు తెలియనివ్వదు. తర్వాత కేడీతో మాట కలుపుతుంది. నీ రహస్యం నాకు చెప్పేసింది కదా, గ్రెచెన్ మీద నీకు కోపం రాలేదా అని కదిలిస్తుంది. కేడీ మొదట తప్పించుకుని, చివరికి ‘తనకి అందరి దృష్టీ తన మీద ఉండాలి, అంతే’ అని జారుతుంది. అప్పుడు రెజీనా తాపీగా, ‘చూశావా గ్రెచెన్, నీ మీద కోపం లేదని చెప్పాగా’ అంటుంది. తను మాత్రం చల్లగా ఉండి, ఇద్దరి మధ్యా పుల్ల పెట్టేసింది. ఇవాళ అదే పని స్పీకర్లో పెట్టిన కాల్‌తో, స్క్రీన్‌షాట్‌తో, ఒక్క పిల్లని తప్పించి పెట్టిన ఇంకో వాట్సాప్ గ్రూపుతో జరుగుతోంది. పరికరం మారింది, పద్ధతి మారలేదు.

ఇక ఆరోది. ఇది తప్పు మాత్రమే కాదు, ప్రమాదం కూడా.

ఆ సినిమాలు ఆడవాళ్ళ పుట్టుగుణం చూపిస్తున్నాయా? ఒక్క సీను దగ్గరగా చూడండి. రెజీనా టేబుల్‌కి నియమాలున్నాయి: బుధవారం గులాబీ రంగు, వరసగా రెండు రోజులు చేతుల్లేని టాప్ కూడదు, పోనీటెయిల్ వారానికి ఒక్కసారి, జీన్సూ ట్రాక్ ప్యాంటూ శుక్రవారమే. కొన్నాళ్ళకి బరువు పెరిగి, మరేదీ పట్టక రెజీనా సోమవారం స్వెట్ ప్యాంటుతో వస్తుంది. ఈరోజు సోమవారం కదా, ఇక్కడ కూర్చోకూడదు అని ఆమెకి ఆమె మనుషులే చెబుతారు. ఆ నియమాలు నిజమైనవి కావు అంటుంది రెజీనా. నేను ఆ వెస్ట్ (చేతుల్లేని పైకోటు) వేసుకొచ్చిన రోజు నిజమే అయ్యాయిగా అని అడుగుతుంది ఆ గ్యాంగులోనే ఉన్న కారెన్, బాకీ గుర్తు చేసినట్టు. ఆ ట్రే పట్టుకుని రెజీనా వెళ్ళిపోవాల్సి వస్తుంది. అక్కడ పని చేసింది ఎవరి గుణం? ఎవరి గుణమూ కాదు, కుర్చీ. ‘హీథర్స్’లో అదే సంగతి ఎర్ర రంగు జుట్టు బ్యాండుతో చెబుతారు. దాన్ని పెట్టుకున్న గ్యాంగు నాయకురాలు హీథర్ చాండ్లర్ చనిపోతే, అప్పటిదాకా అణిగిమణిగి ఉన్న హీథర్ డ్యూక్ దాన్ని తీసుకుని ఆమెకంటే రాటుదేలుతుంది. (‘హీథర్స్’ రాసిన డేనియల్ వాటర్స్, ‘మీన్ గర్ల్స్’ తీసిన మార్క్ వాటర్స్ అన్నదమ్ములు. ఒకే ఇంట్లోంచి రెండుసార్లు అదే ఎరుక వచ్చింది.) అదే సినిమాలో హత్యలకి పథకం వేసి మనుషుల్ని చంపించేది జేడీ అనే కుర్రాడని మెసేజ్ రాసినాయనకి గుర్తు రాలేదు.

పుట్టుగుణం అన్న మాట శాస్త్రంలో కూడా నిలబడలేదు. కొట్టకుండా, తిట్టకుండా, వెలివేసి, చాడీలు చెప్పి హింసించడాన్ని 1988లో ఫిన్లాండ్ పరిశోధకులు, 1995లో అమెరికాలో నికీ క్రిక్, జెనిఫర్ గ్రోట్‌పీటర్ కొలిచారు. ఆడపిల్లలే ఇది ఎక్కువ చేస్తారని మొదట తేలింది. ఆ మాట ఇప్పటికీ తిరుగుతోంది. ఆ తర్వాత నోయెల్ కార్డ్, మరి ముగ్గురు కలిసి 148 అధ్యయనాలని, దాదాపు 74 వేల మంది పిల్లల లెక్కని కలిపి 2008లో చూస్తే, ఈ రకం హింసలో ఆడ, మగ తేడా లెక్కలోకి రానంత చిన్నది. కొట్టడంలో మాత్రం మగపిల్లలు బాగా ముందున్నారు. అంటే మగపిల్లలు రెండూ చేస్తారు. ఒకదానికి మనం ‘ర్యాగింగ్’ అని పేరు పెట్టి కేసు పెడతాం, రెండోదాన్ని ఆడపిల్లల ఖాతాలో రాసేసి నవ్వుకుంటాం.

‘వేలు పెట్టకూడదు’ అన్నది చదివి తలాడించిన తల్లిదండ్రులారా, వెలివేత ఎలా జరుగుతుందో వినండి. దెబ్బ కనబడదు. పక్క సీటు మీద బ్యాగు పెడతారు, ‘ఇక్కడ ఒకరు వస్తున్నారు’ అంటారు. రాగానే మాట ఆపేస్తారు. పుట్టినరోజుకి పిలవరు, ఫోటోలు మాత్రం కనబడేలా పెడతారు. విడిగా చెబితే ఏదీ ఫిర్యాదులా వినబడదు, అందుకే పిల్ల చెప్పదు. చెప్పినా ‘కటీఫ్ అయ్యారా, రేపు కలిసిపోతారులే’ అని మీరు కొట్టిపారేస్తే రెండోసారి అసలే చెప్పదు. ఎలా ఉంది స్కూలు అని అడిగితే ‘ఫైన్’ అనే వస్తుంది. ఇవాళ లంచ్‌లో ఎవరి పక్కన కూర్చున్నావ్, నిన్న ఎవరి పక్కన, అని అడగండి. పేర్లు ఆగిపోయినా, రోజూ లైబ్రరీలోనే తింటున్నానన్నా అది జవాబే.

వేలు పెట్టడంలో కూడా తప్పు దారి ఉంది. ఇద్దరినీ పిలిచి, సారీ చెప్పించి, చేతులు కలిపిస్తారు. పనిచేయదు. బలం ఆ ఒక్క పిల్లలో లేదు, చుట్టూ వంతపాడేవాళ్ళలో ఉంది. బాధపడిన పిల్లకి చాడీలకోరు అన్న పేరు కూడా అదనంగా వస్తుంది. ఫిన్లాండ్‌లోని టుర్కు విశ్వవిద్యాలయంలో క్రిస్టీనా సాల్మివల్లి బృందం 1996లోనే పాత్రలు విడదీసి చూపింది: వేధించేవాళ్ళు, వాళ్ళకి చేయందించేవాళ్ళు, పక్కన నవ్వి ఎగదోసేవాళ్ళు, మనకెందుకని తప్పుకునేవాళ్ళు, అడ్డుపడేవాళ్ళు, బాధితులు. దాని మీద కట్టిన కివా అనే కార్యక్రమం 2009 నుంచి ఫిన్లాండ్ స్కూళ్ళలో అమలవుతోంది. అందులో ముందు కదిలించేది ఆ నవ్వేవాళ్ళనీ తప్పుకునేవాళ్ళనీ, వాళ్ళలో ఆడా మగా ఇద్దరూ ఉంటారు. వైజ్‌మన్ పుస్తకంలో ‘బ్యాంకర్’ అనే పాత్ర ఉంది: అందరి రహస్యాలూ పోగేసుకుని, అవసరమైనప్పుడు ఖర్చు పెట్టే పిల్ల. సినిమాలో గ్రెచెన్ అదే. మీ అమ్మాయి బాధపడుతోందా అని మాత్రమే కాదు, వీటిలో ఏ పాత్రలో ఉందో కూడా చూసుకోండి. ఈ సినిమాలు పాతబడకపోవడానికి నాకు తెలిసిన కారణం అదే. చూసినవాళ్ళలో చాలామందికి తాము రెజీనాలా కాదు, గ్రెచెన్‌లా కనబడతారు. ఒకసారి చూసి వదిలేయలేని ఇబ్బంది అది.

ఇంత చెప్పాక ఒకటి ఒప్పుకోవాలి. ఆరో పాయింటుకి ‘మీన్ గర్ల్స్’ కూడా కొంత సాయం చేసింది. ఆ పేరే ఆడవాళ్ళని కొట్టే కర్రయింది. ఆఫీసులో ఇద్దరు ఆడవాళ్ళకి పడకపోతే చాలు, ఆ రెండు మాటలూ వినబడతాయి. తప్పు వాడినవాళ్ళది మాత్రమే కాదు. కథ మలుపు దగ్గర, తోటివాళ్ళ గురించి చెడు రాసిపెట్టుకున్న ‘బర్న్ బుక్’ పేజీల్ని రెజీనా ఫోటోకాపీలు తీసి వెదజల్లాక స్కూలంతా రచ్చ అవుతుంటే, ప్రిన్సిపల్ మైకులో జూనియర్ ఇయర్ (పదకొండో తరగతి) ఆడపిల్లలందరినీ జిమ్‌లోకి రమ్మంటాడు. క్షమాపణలూ, పైనుంచి వెనక్కి పడితే పట్టుకునే ఆటలూ అన్నీ వాళ్ళతోనే. మగపిల్లల్లో జానిస్ స్నేహితుడు డేమియన్ ఒక్కడే హుడీ, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని దొంగచాటుగా దూరాడు. కేడీకి జానిస్ గీసి ఇచ్చిన మ్యాప్‌లో ఆటగాళ్ళ టేబుళ్ళు కూడా ఉన్నాయి. ఆ టేబుళ్ళ నుంచి ఒక్కరినీ జిమ్‌లోకి పిలవలేదు.