పాతకాలపు స్పోర్ట్స్ కారు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పాతకాలపు స్పోర్ట్స్ కారు గారి దివ్య చక్రములకు నమస్కరించి, హైదరాబాదు నుంచి ఓ చిన్న హ్యాచ్‌బ్యాక్ నడుపుకునేవాడు రాయునది.

ఇచ్చట మేమంతా క్షేమం. తమరి క్షేమానికీ ఢోకా లేదు, మెత్తటి గుడ్డ కప్పి, దుమ్ము తగలనీకుండా చూసుకుంటున్నారని విన్నాం. మా బెంగంతా తమరి లోపల కూర్చునే మనిషి గురించే.

ఆదివారం పొద్దున తమరు నెక్లెస్ రోడ్డు మీదికి వేంచేస్తే చాలు, జనం ఫోన్లు బయటికి తీస్తారు. ఇంతలో చాయ్ కప్పు పట్టుకున్న పెద్దాయన ఒకరు వచ్చి, తమరి బానెట్ మీద వేలితో టకటకా కొట్టి, "అప్పటి ఇనుము అప్పటిదే బిడ్డా. గిప్పటి బండ్లన్నీ ఉత్త రేకు డబ్బాలు" అని తీర్పిచ్చేస్తారు. తమరేమో మెరుస్తూ ఊరుకుంటారు. ఆయన కొట్టింది లంబోర్గిని మియురా బానెట్ అయితే అది అల్యూమినియం రేకని తమరైనా చెప్పొద్దూ?

ఇనుము లేదని కాదు. ఉండకూడని చోట ఉంది. సన్నటి చెక్క స్టీరింగు ఎంత అందంగా ఉంటుందో! దాని వెనక మాత్రం ఎక్కడా మడత పడని ఇనుప కడ్డీ, డ్రైవరు ఛాతీకి సరిగ్గా ఎదురుగా. ముందు గట్టిగా గుద్దుకుంటే అది వెనక్కి రావాల్సిందే, వెనక ఉన్నది మనిషే. ఇట్లా కాదు బాబూ, గుద్దినప్పుడు ఆ కడ్డీ తనలోకి తనే కుదించుకుపోవాలి అని అమెరికాలో 1968 నుంచి నిబంధన పెట్టారు. అంతకుముందు పుట్టిన తమరి పెద్దలకు ఆ బాధ లేదు.

తమరి వంశంలో నాకు బాగా నచ్చినవారు 1954 నాటి మెర్సిడెస్ 300 ఎస్ఎల్. రెక్కల్లా పైకి లేచే తలుపులు! బండి తలకిందులైతే ఆ తలుపులు ఎటు తెరుచుకుంటాయని మాత్రం అడక్కూడదు. ఆయన మనవడు ఎస్ఎల్ఎస్ ఏఎంజీలో ఈ ప్రశ్నకి జవాబు పెట్టారు: బోల్తా పడితే చిన్న పేలుడుతో తలుపులు ఊడిపోతాయి. తాతగారికా సదుపాయం లేదు. తమాషా ఏంటంటే, దెబ్బని తామే మింగేలా ముందూ వెనకా నలగాలి, మధ్యలో మనుషులున్న గది మాత్రం నలక్కూడదు అన్న ఆలోచనకి బేలా బరేనీ అనే ఇంజనీరు 1951లోనే పేటెంట్ దరఖాస్తు చేశారు. ఆయన పనిచేసిందీ ఆ మెర్సిడెస్‌లోనే. అది మొదట వాళ్ల సెడాన్ కార్లకి వచ్చింది, 1959లో. మూడు చోట్ల పట్టుకునే సీటు బెల్టు వోల్వోలో వచ్చిందీ ఆ ఏడాదే.

సరే, వారు పాతకాలం వారు. 1987లో పుట్టిన ఫెరారీ ఎఫ్40 గారి సంగతేమిటి? గంటకి 320 కిలోమీటర్లు దాటే వేగం. ఎయిర్‌బ్యాగ్ లేదు, ఏబీఎస్ లేదు, బ్రేకు తొక్కుడికి బలం కలిపే బూస్టర్ కూడా లేదు. లోపలి నుంచి తలుపు తెరవడానికి ఒక తాడు వేలాడుతుంది. కోట్లు పోసి కొన్న బండికి తాడు! మా మధ్యతరగతి వాళ్లు ఆ ధరకి బీరువా నిండా ఎయిర్‌బ్యాగ్‌లు అడుగుతారు.

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఇప్పుడొక హ్యాచ్‌బ్యాక్ ఉంది. అర్ధరాత్రి డివైడర్ని గుద్దింది. బానెట్ నలిగి ముద్దయింది, రేడియేటరు ఇంజను మీదికొచ్చింది, గాలి పోయిన ఎయిర్‌బ్యాగ్ స్టీరింగ్ మీద వేలాడుతోంది. డ్రైవరు తలుపు మాత్రం ఇప్పటికీ టక్కున తెరుచుకుంటుంది. ఆ అబ్బాయి అందులోంచి తనే దిగి, ఇంటికి ఫోన్ చేశాడు. మర్నాడు వాళ్ల నాన్నగారు బండి చుట్టూ తిరిగి, "ఒక్క దెబ్బకే ఇట్లయిందా, ఏం బండ్లు ఇవి" అని తల కొట్టుకున్నారు. పక్కనే కాఫీ తాగుతున్న కొడుకు మీద మాత్రం ఒక్క సొట్టయినా లేదు.

ఇలాంటి నాన్నల కోసమే కాబోలు, 2009లో అమెరికాలో 1959 నాటి షెవ్రొలే బెల్ ఎయిర్‌నీ, అదే కంపెనీ కొత్త మాలిబూనీ ఎదురెదురుగా గంటకి 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించారు. బెల్ ఎయిర్ స్పోర్ట్స్ కారు కాదు గానీ, చూడ్డానికి కోట. ఆ కోటలో డ్రైవరు గది కుప్పకూలింది. మాలిబూ ముందు భాగం పచ్చడైంది, లోపల మనిషి బదులు కూర్చోబెట్టిన బొమ్మకి కాలి దగ్గర చిన్న దెబ్బ.

కాబట్టి తమరికి చిన్న విన్నపం. యాభై ఏళ్లు దాటిన తమరి పెద్దలు పాతకాలపు బండ్లకిచ్చే వీఏ నంబరు ప్లేటు తీసుకుంటే రోజూ తిరగకూడదని రూలు ఎలాగూ ఉంది. మిగతావారు కూడా ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 చూపించకుండా నెక్లెస్ రోడ్డులోనే మెల్లగా ఊరేగండి, ఫోటోలు మేం తీస్తాం. మీ ఇంజను చప్పుడు విని పక్క లేన్‌లో వంద దాటించే కుర్రాడు మీకంటే భద్రమైన బండిలో ఉంటాడు, మీ లోపలి మనిషి గురించే మాకు టెన్షన్.

ఇట్లు,
తమరికి ఎదురుగా రావడం ఇష్టం లేని
హ్యాచ్‌బ్యాక్ డ్రైవరు

తా.క.: పెద్దమ్మ గుడి దగ్గర పూజ చేయించి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించారట, మంచి పని. బండిలో నలగడానికి సిద్ధంగా ఉన్నది అవే కదా.